నిమ్మకాయంత చింతపండుకు కొలత ఎంత?
మధుర్ జాఫ్రీ జీవితం, కృషి: అవగాహన

ఎందుకు చదవాలి

2022 పద్మ పురస్కారాల జాబితా అనగానే మన అభ్యర్థులకు వెంటనే గుర్తొచ్చే పేర్లు కొన్ని ఉన్నాయి. పద్మభూషణ్ వరుసలో హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల, భారత్ బయోటెక్ దంపతులు కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా. ఆ ఏడాది ప్రకటించిన 17 పద్మభూషణ్‌లలో మరో పేరు మీద మాత్రం చూపు నిలవదు. ఆమె మధుర్ జాఫ్రీ. నివాసం అమెరికా. విభాగం ‘ఇతరాలు’, అందులో వంటకళ. నాదెళ్ల, సుందర్ పిచాయ్ లాగే ఆమె పేరు పక్కన కూడా రాష్ట్రం ఉండదు, అమెరికా అని ఉంటుంది. జతపరచే ప్రశ్నల్లో పేరుకు ఎదురుగా రంగం, ప్రాంతం ఇచ్చినప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే.

ఒక్క మార్కు కోసమే అయితే ఈ పేరా చాలు. కానీ ఈమె జీవితంలో దేశ విభజన, వలసలు, బ్రిటన్‌లో మారుతున్న సమాజం, ప్రవాస భారతీయుల సాంస్కృతిక ప్రభావం అన్నీ ఒకే తాడుకు అల్లుకుని ఉన్నాయి. వ్యాసం పేపరు రాసేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ సులువుగా దొరకదు.

యమున ఒడ్డున బాల్యం

మధుర్ బహదూర్ 1933 ఆగస్టు 13న ఢిల్లీలో పుట్టారు. కాయస్థ కుటుంబం. తాతగారు సివిల్ లైన్స్ ప్రాంతంలో యమున దగ్గర కట్టించిన పెద్ద ఇంట్లో ఉమ్మడి కుటుంబం ఉండేది. పదులమంది పిల్లలు, పెద్దలు ఒకేసారి భోజనానికి కూర్చునే ఇల్లు.

కాయస్థులు అన్న మాటను చరిత్ర విద్యార్థులు కాస్త ఆగి చదవాలి. మొఘలుల కొలువుల్లో లెక్కలు, దస్తావేజులు రాసిన వర్గం ఇది. మగవాళ్ళు పర్షియన్ నేర్చారు, దర్బారు మాంసాహారం ఇష్టపడ్డారు. ఇంటి ఆడవాళ్ళు హిందూ శాకాహార సంప్రదాయాన్ని నిలుపుకున్నారు. ఆ మీదట ఇంగ్లిషు చదువులు, ఇంగ్లిషు అలవాట్లు వచ్చి చేరాయి. అందుకే ఆ ఇంటి భోజనాల బల్ల ఉత్తర భారత చరిత్రను కూరల్లో చూపించినట్టు ఉండేది. ‘గంగా జమునీ తెహజీబ్’ అని మనం బట్టీపట్టే మాటకు ఇది తినగలిగే ఉదాహరణ.

ఆమె ఆత్మకథ ‘క్లైంబింగ్ ద మ్యాంగో ట్రీస్’ 2005లో వచ్చింది. ఆ పేరు ఎలా వచ్చిందో ఆ పుస్తకంలోనే ఉంది. మధ్యాహ్నం పెద్దలు కునుకు తీస్తుంటే పిల్లలంతా మామిడిచెట్లెక్కేవారు. చేతిలో ఉప్పు, మిరియాలు, ఎండుమిర్చి, వేయించిన జీలకర్ర కలిపి నూరిన పొడి. పచ్చిమామిడి ముక్క దాంట్లో అద్దుకుని తినడం. ఉప్పూకారం పొట్లం జేబులో పెట్టుకుని తోటల్లో తిరిగిన మన పిల్లలకు ఈ దృశ్యం విడమరచి చెప్పనక్కర్లేదు.

బడిలో ఆమె భోజనం గిన్నె చుట్టూ ముస్లిం, జైన, పంజాబీ స్నేహితురాళ్ళు ఉండేవారు. ఒకరి ఇంటి రుచి ఇంకొకరికి అందేది. 1947 విభజనతో ఆ గుంపు చెదిరింది. ముస్లిం స్నేహితులు కొందరు వెళ్ళిపోయారు, పంజాబ్ శరణార్థులు ఢిల్లీకి వచ్చారు. వారితో తందూరు వంటలు వచ్చాయి. పెషావర్ నుంచి వచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్ లాంటివారు దరియాగంజ్‌లో మోతీమహల్ నడిపింది ఈ నేపథ్యంలోనే. ఈ రోజు దేశమంతా ‘ఢిల్లీ వంట’ అనుకునే దాంట్లో చాలా భాగం విభజన తరువాతిది. ఆమె ఈ మార్పును కళ్ళారా చూసిన తరం మనిషి, కాబట్టే ఆ పేజీలకు అంత బరువు.

వంటలో ఫెయిలైన అమ్మాయి

ఇది కథ కాదు, నిజం. బడిలో గృహవిజ్ఞానం పరీక్షలో మధుర్ వంటలో తప్పారు. బ్రిటిష్ కాలపు పాఠ్యాంశం అది. ఇంట్లో ఎవరూ తినని తెల్లటి చప్పిడి పాల పుడ్డింగుల వంటివి నేర్పేవారు. ఇంట్లోనేమో వంటవాళ్ళు ఉండేవారు కాబట్టి పొయ్యి దగ్గరకు వెళ్ళే అవసరం రాలేదు. ఢిల్లీ మిరాండా హౌస్‌లో ఇంగ్లిషు సాహిత్యం చదివి, నాటకాల్లో నటించి, 1950ల మధ్యలో లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌కు వెళ్ళేనాటికి ఆమెకు వంట రాదు.

అక్కడి క్యాంటీన్‌లో బూడిదరంగు మాంసం, నీళ్ళోడుతున్న క్యాబేజీ. యుద్ధకాలపు రేషన్లు బ్రిటన్‌లో 1954లోనే ముగిశాయి. ఆ కరువు రుచి ఇంకా నాలుకల మీద ఉన్న రోజులు. ఆకలికి కాదు, నోటికి రుచి తగలక ఆమె అమ్మకు ఉత్తరం రాశారు: వంట నేర్పించమని.

ఉత్తరాల్లో వచ్చిన వంట

ఈ విభాగం మీద కొంచెం ఎక్కువసేపు నిలబడదాం. నా దృష్టిలో జాఫ్రీ జీవితకృషి మొత్తానికి తాళంచెవి ఇదే.

అమ్మ ఢిల్లీ నుంచి విమాన తపాలాలో హిందీలో జవాబులు రాసేవారు. ఒక్కో వంటకు కొద్ది పంక్తులే. ఇంత మసాలా వేయి, వేగనివ్వు, దించు. ఎంత వేయాలి, ఎంతసేపు వేగాలి అన్నది రాయరు, ఎందుకంటే ఇంట్లో పెరిగిన పిల్లకు అది తెలిసే ఉంటుందని అమ్మ నమ్మకం. మన ఇళ్ళల్లోనూ అంతే కదా. పులుసుకు నిమ్మకాయంత చింతపండు. చిటికెడు ఇంగువ. గుప్పెడు కందిపప్పు. పోపు కమ్మటి వాసన వచ్చేదాకా. ఉప్పు తగినంత. ఈ ‘తగినంత’ అన్న మాట చదివి ఉద్యోగానికి వేరే ఊరెళ్ళిన ప్రతి పిల్లా, పిల్లాడూ ఒకసారైనా తెల్లమొహం వేసినవాళ్ళే.

ఈ కొలతలు అజ్ఞానం వల్ల వచ్చినవి కావు. చింతపండు కొత్తదా పాతదా, ఇంట్లో ఎందరున్నారు, పొయ్యి మంట ఎలా ఉంది అన్న పది విషయాలను వండే చెయ్యి ఒక్క క్షణంలో లెక్కగట్టే పద్ధతి అది. చిక్కు ఒక్కటే. ఆ చెయ్యి పక్కన నిలబడి నేర్చుకోని మనిషికి అది అందదు. జాఫ్రీకి అందింది ఎలాగంటే, చెయ్యి లేకపోయినా నాలుక ఉంది. అమ్మ ఇంటి రుచి ఎలా ఉండాలో ఆమెకు కచ్చితంగా తెలుసు. వండటం, రుచి చూడటం, కుదరలేదని తెలుసుకోవడం, మళ్ళీ వండటం. అలా అమ్మ వదిలేసిన ఖాళీలను ఆమె గరిటెలతో, నిమిషాలతో పూరించారు.

తరువాత లక్షలమంది విదేశీయులకు ఆమె చేసిపెట్టింది అదే పని. అందాజును కొలతగా మార్చడం. మూలంలోని రుచి చెడకుండా ఒక భాష నుంచి ఇంకో భాషకు తెచ్చినట్టు. అందుకే ఆమెను నేను వంటగత్తె అనడం కంటే అనువాదకురాలు అనడానికే ఇష్టపడతాను.

ఇదే కాలంలో తెలుగునాట సమాంతరంగా జరిగిన పనిని గుర్తుచేయకుండా ఉండలేను. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడిన మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక దశాబ్దాలపాటు నడిపారు. ఆమె ‘వంటలు పిండివంటలు’ ముద్రణ మీద ముద్రణ పొందింది. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న రచయిత్రే పప్పుకూ పచ్చడికీ కొలతలు రాశారు. పరీక్షల్లో ఆమెను నవలాకారిణిగానే అడుగుతారు. ఆ వంటల పుస్తకం ఎన్ని కొత్త కాపురాలను నిలబెట్టిందో మన అమ్మమ్మలను అడగాలి.

వెండి ఎలుగుబంటి

జాఫ్రీ ఇంటిపేరు నటుడు సయీద్ జాఫ్రీతో వివాహం వల్ల వచ్చింది. ఇద్దరూ 1958లో అమెరికాలో పెళ్ళి చేసుకున్నారు. ముగ్గురు కూతుళ్ళు: జియా, మీరా, సకీనా. సకీనా కూడా నటి. 1960ల మధ్యలో ఆ వివాహం విడాకులతో ముగిసింది. 1969లో ఆమె శాన్‌ఫర్డ్ అలెన్‌ను వివాహం చేసుకున్నారు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంలో శాశ్వత సభ్యత్వం పొందిన తొలి నల్లజాతి కళాకారుడు, వయొలిన్ విద్వాంసుడు ఆయన.

నిర్మాత ఇస్మాయిల్ మర్చెంట్, దర్శకుడు జేమ్స్ ఐవరీల పరిచయానికి జాఫ్రీ దంపతులే వారధి. మర్చెంట్, ఐవరీ తీసిన ‘షేక్‌స్పియర్ వాలా’ 1965లో వచ్చింది. సంగీతం సత్యజిత్ రే. అందులో మంజుల అనే సినిమా తార పాత్రకు బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటిగా మధుర్ జాఫ్రీకి సిల్వర్ బేర్ దక్కింది. ఈ కొద్ది వాక్యాల్లో నాలుగు ప్రశ్నలున్నాయి: సినిమా, సంవత్సరం, చిత్రోత్సవం, పురస్కారం. గోల్డెన్ బేర్ ఉత్తమ చిత్రానికి ఇస్తారు, నటీనటులకు సిల్వర్ బేర్. ఈ తేడా మరవకండి.

నటిగా గుర్తింపు వచ్చింది, వేషాలు రాలేదు. అప్పటి అమెరికాలో భారతీయ నటికి పాత్రలు ఎక్కడివి? ఆ సినిమాకు ప్రచారం కావాలని మర్చెంట్ న్యూయార్క్ టైమ్స్ ఆహార సంపాదకుడు క్రెయిగ్ క్లెయిబోర్న్‌ను కదిలించారు. నటి వంట కూడా బాగా చేస్తుందని 1966లో వ్యాసం వచ్చింది. సినిమా కోసం వేసిన ఎత్తు ఆమెను ఇంకో దారిలోకి మళ్ళించింది. పత్రికలకు వంట వ్యాసాలు రాయడం మొదలైంది. పిల్లలను పెంచడానికి ఆ సంపాదన అక్కరకొచ్చింది.

1973: తొలి పుస్తకం

‘యాన్ ఇన్విటేషన్ టు ఇండియన్ కుకింగ్’ 1973లో నాఫ్ సంస్థ ప్రచురించింది. సంపాదకురాలు జుడిత్ జోన్స్. జూలియా చైల్డ్ ఫ్రెంచి వంటల పుస్తకాన్ని 1961లో అమెరికాకు అందించిందీ ఆవిడే. అంతకుముందు పారిస్‌లో పనిచేస్తూ తిరస్కరించిన పుస్తకాల కుప్పలోంచి ఆన్ ఫ్రాంక్ డైరీని పైకి తీసిందీ ఆవిడే.

ఈ పుస్తకానికి వెన్నెముక ఢిల్లీ పరిసరాల ఇంటి వంట. దీన్ని విమర్శగా కాక స్పష్టతగా గుర్తుంచుకోవాలి. ‘భారతీయ వంటను ప్రపంచానికి పరిచయం చేశారు’ అని జవాబులో రాసేటప్పుడు, ఆ ‘భారతీయ’ అన్న మాట మొదట్లో ఉత్తరాది ఉన్నత కుటుంబాల వంట అని ఒక వాక్యం కలపండి. తరువాత ఆమె కూడా ఆ పరిధిని దాటారు. 1985లో వచ్చిన ‘ఎ టేస్ట్ ఆఫ్ ఇండియా’, 1995 నాటి ‘ఫ్లేవర్స్ ఆఫ్ ఇండియా’ ప్రాంతాల వారీగా దేశం తిరిగి రాసినవి.

1982: బీబీసీ తెర

‘మధుర్ జాఫ్రీస్ ఇండియన్ కుకరీ’ 1982లో బీబీసీలో వచ్చింది. పుస్తకమూ అదే పేరుతో వచ్చింది. ఆనాటి బ్రిటన్ ఎలా ఉందో తెలిస్తేనే దీని విలువ అర్థమవుతుంది. 1948 జాతీయత చట్టం తరువాత ఉపఖండం నుంచి, కరీబియన్ నుంచి వలసలు పెరిగాయి. 1962 కామన్వెల్త్ వలసదారుల చట్టం ఆ తలుపును సగం మూసింది. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియావాసులను వెళ్ళగొడితే వేలమంది బ్రిటన్ చేరారు. జాతి ద్వేషం వీధుల్లో కనిపించే రోజులు. మసాలా వాసన వస్తుందని భారతీయులకు ఇల్లు అద్దెకివ్వని యజమానులుండేవారు. ‘ఇండియన్’ అని బోర్డు పెట్టిన హోటళ్ళలో చాలావాటిని నడిపింది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చినవారు. అన్ని కూరల్లో దాదాపు ఒకే గ్రేవీ.

అలాంటి దేశంలో, చీర కట్టుకున్న ఒక నటి తెరమీదికి వచ్చి, తొణక్కుండా, అందమైన ఉచ్చారణతో జీలకర్ర ఎలా వేయించాలో చెప్పారు. నూనె కాగాక ఆవాలు చిటపటలాడేదాకా ఆగాలని, ఉల్లిపాయ ఎర్రగా వేగాలని, మసాలా నుంచి నూనె పైకి తేలేదాకా ఓపిక పట్టాలని చూపించారు. మనకు తాలింపు, తిరగమోత పుట్టుకతో వచ్చిన మాటలు. చూసే బ్రిటిషు గృహిణికి అది కొత్త శాస్త్రం. వాసన పేరుతో ఈసడించిన వంటగదినే ఆమె గౌరవంగా వాళ్ళ ముందు గదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

నిమ్మరసం, కొత్తిమీర వేసిన కోడికూర చూపించిన మర్నాడు మాంచెస్టర్‌లో కొత్తిమీర కట్ట దొరకలేదన్న సంగతి ఆమే ముచ్చటగా చెబుతారు. ఆ కార్యక్రమం ఎంత లోతుగా చొచ్చుకుపోయిందో కూరగాయల దుకాణమే చెప్పింది.

తాను మొదట నటినేనని ఆమె ఎన్నోసార్లు అన్నారు. నాకు ఆ మాట అర్థమైంది ఆమె కార్యక్రమాల తునకలు చూసినప్పుడు. ఎక్కడ ఆగాలో, ఏ ముక్క దగ్గర కళ్ళెత్తి చూడాలో తెలిసిన మనిషి. నాటకం నేర్పిన చదువు పొయ్యి దగ్గర పనికొచ్చింది.

‘కర్రీ’ అన్న మాటతో తగువు

తమిళ ‘కరి’ నుంచి వచ్చిందని చెప్పే ఈ మాట బ్రిటిషు వంటపుస్తకాల్లోకి ఎప్పుడో చేరింది. 1747లో హన్నా గ్లాస్ పుస్తకంలోనే కర్రీ తయారీ ఉంది. తరువాత సీసాల్లో పసుపుపచ్చ కర్రీ పొడి అమ్మకానికి వచ్చింది. పులుసు, వేపుడు, ఇగురు, కూటు, కుర్మా అన్నీ ఒక్క పొడిలో కలిసిపోయాయి.

చాప్ సూయీ అన్న పేరుతో చైనా వంటకు ఎంత అవమానమో, కర్రీ అన్న మాటతో మన వంటకు అంతే అవమానం అని 1973 పుస్తకంలో జాఫ్రీ వాదించారు. ముప్ఫై ఏళ్ళకు, 2003లో, ఆమె పుస్తకం పేరు ‘అల్టిమేట్ కర్రీ బైబిల్’. మాట మార్చారా? నేను అలా చదవను. ఈ ముప్ఫై ఏళ్ళలో ఆమె చూపు దేశం సరిహద్దు దాటింది. భారతీయ కూలీలు, వ్యాపారులు వెళ్ళిన చోటల్లా ఆ వంట వేరే నేలలో వేరే వేళ్ళు దిగింది. ట్రినిడాడ్, దక్షిణాఫ్రికా, మలేసియాల్లో కర్రీ అంటే వలస వెళ్ళిన తాతల జ్ఞాపకం. ఆ చరిత్రను ఆమె ఆ పుస్తకంలో వెతికారు.

తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. 1860లో మద్రాసు నుంచి నాటాల్ చేరిన తొలి ఒప్పంద కూలీల ఓడ పేరు ట్రురో. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళిన కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. మారిషస్, ఫిజీలకు కూడా వెళ్ళారు. ప్రవాసాంధ్రుల చరిత్ర మీద ప్రశ్న వస్తే ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇంకో ముడి కూడా ఉంది. లండన్ రీజెంట్ స్ట్రీట్‌లోని వీరాస్వామి రెస్టారెంటు 1926లో మొదలైంది. స్థాపకుడు ఎడ్వర్డ్ పామర్. తెలంగాణ చరిత్ర చదివినవారికి ఆ ఇంటిపేరు వెంటనే తట్టాలి. నిజాం ప్రభుత్వానికి అధిక వడ్డీకి అప్పులిచ్చి ఖజానాను ముంచిన పామర్ అండ్ కంపెనీ ఆ వంశానిదే. రెసిడెంట్ మెట్కాఫ్ అభ్యంతరాలు, పేష్కార్ చందూలాల్ పాత్ర అన్నీ మన గ్రూప్స్ సిలబస్‌లో ఉన్నవే. హైదరాబాద్‌లో అప్పుల వ్యాపారం చేసిన కుటుంబంలోని తరువాతి తరం మనిషి లండన్‌లో మన భోజనం వడ్డించాడు.

2001లో బ్రిటన్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను నిజమైన బ్రిటిష్ జాతీయ వంటకంగా పేర్కొన్నారు. బహుళ సంస్కృతి మీద రాసే వ్యాసానికి ఈ ప్రస్తావన బాగా పనికొస్తుంది.

పురస్కారాలు, తికమక పెట్టే పేర్లు

2004లో బ్రిటన్ ఆమెకు గౌరవ సీబీఈ ఇచ్చింది. 2022లో పద్మభూషణ్. 2023లో అమెరికాలోని జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ జీవితకాల సాఫల్య పురస్కారం. మూడూ వేర్వేరు దేశాలవి, ఆ మూడు దేశాలతో ఆమె జీవితం ముడిపడినట్టే.

తర్లా దలాల్‌తో ఈమెను కలిపేయకండి. ఆమె పుణెలో పుట్టి ముంబయిలో స్థిరపడిన శాకాహార వంటల రచయిత్రి, 2007లో పద్మశ్రీ, 2013లో మరణం. జీ టీవీ ‘ఖానా ఖజానా’తో 1993లో ఇంటింటికీ చేరిన సంజీవ్ కపూర్‌కు 2017లో పద్మశ్రీ. అంతకుముందు ఏడాది, 2016లో, లక్నో దమ్ వంటల ఉస్తాద్ ఇంతియాజ్ ఖురేషీకి పద్మశ్రీ. ఈ నలుగురిలో పద్మభూషణ్ జాఫ్రీ ఒక్కరికే.

2019లో 85 ఏళ్ళ వయసులో ఆమె కొత్తతరం విద్యుత్ ప్రెషర్ కుక్కర్ల కోసం ‘ఇన్‌స్టంట్లీ ఇండియన్ కుక్‌బుక్’ రాశారు. అదే ఏడాది ‘నానీ’ అనే ర్యాప్ పాట వీడియోలో గడుసు అమ్మమ్మగా నటించారు. ఆ పాట చేసిన కుర్రాడు దర్శకురాలు మీరా నాయర్ కొడుకు జోహ్రాన్ మమ్దానీ. 2025 నవంబరులో న్యూయార్క్ మేయర్‌గా ఎన్నికైనది ఇతడే. వర్తమాన వ్యవహారాల నోట్సులో జాఫ్రీ, మమ్దానీ పేర్లను ఒకే గీతతో కలిపి ఉంచండి.

మెయిన్స్ అభ్యర్థులకు ఒక అభ్యాసం

ప్రశ్న: ‘ప్రవాస భారతీయుల సాంస్కృతిక ప్రభావంలో ఆహారం పాత్రను ఉదాహరణలతో చర్చించండి.’ 250 పదాలు.

చాలామంది యోగా, సినిమా, సాఫ్ట్‌వేర్ రాసి చివర ఒక వాక్యంలో ఆహారం అంటారు. తిరగేసి రాయండి. 1973, 1982, 2003 అన్న మూడు సంవత్సరాల మీద జవాబు నిలబెట్టవచ్చు: ఒక పుస్తకం, ఒక టీవీ కార్యక్రమం, ఒక మాట మీద మారిన చూపు. ప్రభుత్వం పంపని రాయబారి ఒకరు ఎలా పనిచేశారో చెప్పండి. ఆ తరువాత ఒప్పంద కూలీల వంట గురించి రాస్తే జవాబు పేరున్నవారి దగ్గరే ఆగిపోకుండా, పేరు మిగలని వేలమంది దాకా వెళ్తుంది.

రాసే ముందు ఇంకో పని చేయండి. ఈ ఆదివారం ఇంట్లో పులుసు పెడుతుంటే కాగితం, కలం పట్టుకుని అమ్మ పక్కన నిలబడండి. ఆమె తీసిన చింతపండును గిన్నెలో వేసేముందు తూచండి. ఉప్పు వేసిన ప్రతిసారీ చెంచాతో కొలవండి, ఎందుకంటే ఆమె ఒకసారి వేసి ఊరుకోదు, రుచి చూసి ఇంకోసారి వేస్తుంది. అదంతా రాసి, మర్నాడు ఆ కాగితం చూసుకుంటూ మీరే వండి, ఆమెకే వడ్డించి, ఏం తక్కువైందో చెప్పమనండి.